కుక్క కడుపులో పురుగు ఏ జాతిది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఒడిశా సరిహద్దు పట్టణాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం కుక్కల నట్టల గురించే ఉన్నాయి. వానలు పడగానే ఏటా ఇటువంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. అయితే ఏ మందు వేయాలని అడిగేవారే ఇంతకాలం ఎక్కువగా ఉండేవారు. ఈసారి మాత్రం పురుగు జాతి ఎలా తెలుస్తుందని, తెలిసినందువల్ల తమకు ఒరిగేదేమిటని అడిగినవారు చాలామంది ఉన్నారు. నాకు ఇది ఎంతో సంతోషం కలిగించింది. అందుకే ఈ సంచికలో ఇతర ప్రశ్నలను పక్కన పెట్టి, ఈ ఒక్క విషయం మీద వచ్చిన ఉత్తరాలకే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా వీధిలో అందరం కలిసి అన్నం పెట్టే ఆడకుక్క వానాకాలం మొదట్లో ఆరు పిల్లలను పెట్టింది. మూడు వారాలు నిండకుండానే నాలుగు చనిపోయాయి. వాటి చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి, నల్లటి జిగట విరేచనాలు అయ్యాయి. మిగిలిన రెండు పిల్లల మలంలో ఏమీ కనిపించలేదట. తల్లి మలంలో మాత్రం కొంకి పురుగు (హుక్‌వార్మ్) గుడ్లు ఉన్నాయని చీటీ రాసి ఇచ్చారు. ఏ జాతి అని అడిగితే డీఎన్‌ఏ పరీక్షలోనే తేలుతుందన్నారు. మా పిల్లలు చెప్పులు లేకుండా ఆ మట్టిలోనే ఆడుకుంటారు. ఆ పరీక్ష తప్పనిసరా?
ఒక ఉపాధ్యాయురాలు, గుణుపురం

జవాబు: టీచరు గారూ, ముందుగా మిగిలిన ఆ రెండు పిల్లలకు, తల్లికి పశువైద్యుల చేత ఈ రోజే నట్టల మందు వేయించండి. కొంకి పురుగు ఏ జాతిదైనా కుక్కపిల్లలకు వేసే పైరంటెల్, ఫెన్‌బెండజోల్ వంటి మందులు మారవు గనుక పరీక్ష ఫలితం కోసం ఆగవలసిన పని లేదు. పిల్లలకు రెండు వారాల వయసు నుంచే మొదలుపెట్టి, పాలు మరిచేదాకా రెండేసి వారాలకు ఒకసారి వేయించాలి. మలంలో ఏమీ కనిపించలేదు కదా అని ఊరుకోవద్దు. పురుగు పేగులో చేరిన తరువాత ఎదిగి గుడ్లు పెట్టడానికి రెండు వారాలకు పైగా పడుతుంది. ఆలోపే అది రక్తం పీల్చడం మొదలుపెడుతుంది గనుక గుడ్డు బయటికి రాకముందే పిల్ల ప్రాణం పోవచ్చు. అటువంటి పిల్ల మలాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టినా, గుడ్డులోని డీఎన్‌ఏ కోసం వెతికినా ఫలితం ఉండదు.

ఇక జాతి సంగతి. మీకు ఇచ్చిన చీటీలో తప్పు లేదు, కాని అది సగం జవాబు. మన దేశపు కుక్కలలో కొంకి పురుగు అనగానే ముందుగా తలుచుకోవలసినవి రెండు: ఆంకైలోస్టోమా కెనైనం, ఆంకైలోస్టోమా సెయ్లానికం. ఆంకైలోస్టోమా బ్రెజిలియెన్స్ అనే మూడోది, చలి ప్రాంతాలలో ఎక్కువగా ఉండే అన్సినేరియా స్టెనోసెఫాలా అనే నాలుగోది కూడా ఉన్నాయి. అన్సినేరియా గుడ్డు కాస్త పెద్దది కాబట్టి జాగ్రత్తగా కొలిస్తే దాన్ని వేరు చేయవచ్చు. మొదటి మూడింటి గుడ్లు మాత్రం పలుచని పెంకుతో, లోపల నాలుగు నుంచి ఎనిమిది కణాలతో, మిల్లీమీటరులో సుమారు పదహారో వంతు పొడవుతో ఒకే తీరుగా ఉంటాయి. ఎంత అనుభవం ఉన్నవారైనా వాటిని చూసి జాతి పేరు రాయలేరు. తమకు కనిపించినంతే రాసిన ఆ ప్రయోగశాలవారిది నిజాయతీ.

అయినా మీ ఉత్తరంలోనే ఒక ఆధారం ఉంది. కెనైనం లార్వాలలో, అంటే పిల్ల పురుగులలో, కొన్ని తల్లి కుక్క కండరాలలో నిద్రాణంగా ఉండిపోయి, చూలు చివరి రోజులలో మేలుకొని, పాల ద్వారా పిల్లలకు చేరతాయి. తల్లి మలం శుభ్రంగా ఉన్నా ఇది జరగవచ్చు; ఒకసారి సోకిన తల్లి వరుసగా రెండు మూడు ఈతల పిల్లలకు వాటిని అందించవచ్చు. సెయ్లానికం ఇలా పాల ద్వారా చేరినట్టు రుజువు కాలేదు. రక్తం పీల్చడంలోనూ ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. కెనైనం ఒక్కొక్కటి రోజుకు సుమారు 0.1 మిల్లీలీటరు రక్తం నష్టపరుస్తుంది. సెయ్లానికం వల్ల కలిగే నష్టం అంతకంటే చాలా తక్కువ. అర కిలో బరువున్న పిల్ల ఒంట్లో మొత్తం రక్తం 40 మిల్లీలీటర్ల చిల్లర. వంద కెనైనం పురుగులు పట్టుకుంటే రోజుకు 10 మిల్లీలీటర్లు పోతుంది. మూడు వారాలలోపు పిల్లలు పాలిపోయి చనిపోయాయంటే నా అనుమానం గట్టిగా కెనైనం మీదే.

కాని ఈ అనుమానంతో మీ అసలు ప్రశ్న తీరదు. మీరు అడిగింది ఇంట్లోని పిల్లల గురించి. ఒకే కుక్కలో రెండు జాతులూ కలిసి ఉండడం మామూలే గనుక, కుక్కపిల్లలను చంపింది కెనైనం అయినంత మాత్రాన తల్లి మలంలో ఉన్న గుడ్లన్నీ దానివేనని చెప్పలేము. మనుషుల విషయంలో ఈ రెండు జాతులూ వేరువేరుగా ప్రవర్తిస్తాయి. కెనైనం లార్వా మనిషి చర్మంలోకి దూరితే దురద, దద్దురు వస్తాయి. అరుదుగా అది పేగు దాకా చేరి తీవ్రమైన కడుపునొప్పి కలిగిస్తుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ ఉత్తర ప్రాంతంలో ఇటువంటి రోగులను 1990 ప్రాంతంలో వైద్యులు వివరంగా నమోదు చేశారు. అయినా మనిషి పేగులో అది సాధారణంగా గుడ్లు పెట్టే దశకు రాదు. సెయ్లానికం అలా కాదు. అది మనిషి పేగులో పూర్తిగా ఎదిగి, గుడ్లు పెట్టి, రక్తహీనత తెస్తుంది. కంబోడియాలోని ఒక గ్రామంలో జరిపిన పరిశోధన ఫలితాలు 2014లో వెలువడ్డాయి. కొంకి పురుగులున్న మనుషులలో సగం మందిలో కనిపించినది ఈ కుక్క పురుగేనని అక్కడ డీఎన్‌ఏ పరీక్షలో తేలింది. అంతకుముందు వారికి ఉన్నది మనుషుల కొంకి పురుగే అనుకునేవారు.

మీ ఇంటి పిల్లల మల పరీక్షలో ఎప్పుడైనా కొంకి పురుగు గుడ్లు అని వస్తే అది ఆంకైలోస్టోమా డుయోడినేల్, నెకేటర్ అమెరికానస్ అనే మనుషుల పురుగులదా, కుక్కల నుంచి వచ్చే సెయ్లానికందా అన్నది అక్కడా కంటికి తెలియదు. మనుషుల పురుగులైతే ప్రతి ఇంటికీ మరుగుదొడ్డి ఉండి అందరూ వాడితే వాటి రాకపోకలు ఆగుతాయి. సెయ్లానికం అయితే వీధిలోని మరుగుదొడ్లన్నీ వాడుకలో ఉన్నా, కుక్కల మలంతో వాకిట్లో గుడ్లు పడుతున్నంత కాలం మట్టి శుభ్రపడదు. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడిలో పిల్లలకు ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర సెయ్లానికం మీద కూడా పని చేస్తుంది, దాన్ని తప్పకుండా వేయించండి. కాని కుక్కలకు మందు లేకపోతే అదే మట్టి నుంచి మళ్లీ సోకుతుంది. కాబట్టి మీ వీధి కుక్కలలో నాలుగైదింటి నమూనాలను ఒక్కసారి డీఎన్‌ఏ పరీక్షకు పంపడం దండగ కాదని నా అభిప్రాయం. ప్రతి కుక్కకూ, ప్రతి ఏటా అది అక్కర్లేదు.

ఈలోపు చేయవలసిన పని ఒకటి ఉంది. మలంలోని గుడ్డు ఒకటి రెండు రోజులలో పగిలి, తడి నేలలో, నీడలో సుమారు వారానికి లార్వా సోకే దశకు వస్తుంది. వీధివారంతా వంతులు వేసుకొని రోజు విడిచి రోజు కుక్కల మలాన్ని ఎత్తి పూడ్చితే ఆ దశ దాకా చేరేవి చాలా తక్కువ. ఎండ తగిలి పొడిగా ఉన్న నేలలో లార్వాలు బతకవు. పిల్లలు ఆడుకునే చోటును అటువైపు మార్చండి, చెప్పులు వేయండి.

ప్రశ్న: కొంకి పురుగు నోటిలోని పళ్లను బట్టి జాతి చెప్పవచ్చని మా జంతుశాస్త్రం పుస్తకంలో ఉంది. పళ్లు ఉండగా డీఎన్‌ఏతో పనేమిటి? చిన్న గుడ్డు నుంచి జాతి ఎలా చెబుతారు?
ఒక డిగ్రీ విద్యార్థి, పర్లాకిమిడి

జవాబు: మీ పుస్తకం చెప్పింది నిజమే. పురుగును అద్దం పలక మీద పెట్టి, మీద ఒక చుక్క లాక్టోఫినాల్ వేసి, కాసేపటికి అది పారదర్శకమయ్యాక చూస్తే తల కాస్త వెనక్కి వంగి, గిన్నె వంటి నోరు కనబడుతుంది. కెనైనం అయితే ఆ నోటి అంచున మూడు జతల పళ్లు వరుసగా ఉంటాయి. సెయ్లానికం అయితే ఒక జత పెద్ద పళ్లు, వాటి లోపలి పక్కన ఒక జత చిన్నవి. బ్రెజిలియెన్స్‌కూ అంతే, లోపలి జత మరీ చిన్నది. ఇక్కడే చిక్కు మొదలైంది. బ్రెజిలియెన్స్‌ను 1910లో బ్రెజిల్ దేశంలోను, సెయ్లానికంను 1911లో సిలోన్ (నేటి శ్రీలంక) నుంచి వచ్చిన పునుగుపిల్లి పురుగులలోను గుర్తించి పేర్లు పెట్టారు. తరువాత చాలామంది ఈ రెండూ ఒకటేనని తీర్మానించి ఒకే పేరుతో రాస్తూ వచ్చారు. మగ పురుగు తోక చివర గొడుగులా విచ్చుకొనే భాగంలోని కిరణాల అమరికను పరిశీలించి, ఇవి రెండు వేరువేరు జాతులని ఇటలీ శాస్త్రవేత్త బియోక్కా 1951లో మళ్లీ నిరూపించారు. అంటే దాదాపు 40 ఏళ్ల పాటు బ్రెజిలియెన్స్ అని రాసిన నివేదికలలో కొన్ని ఏ పురుగును గురించి రాసినవో ఇప్పుడు తేల్చడం కష్టం.

పళ్లు చూడాలంటే ఎదిగిన పురుగు చేతికి రావాలి. అది పేగు గోడను పట్టుకొని ఉంటుంది. కుక్క చనిపోతేనో, మందు పనిచేసి పురుగు రాలి బయటపడితేనో తప్ప దొరకదు. దొరికిన నాలుగు పురుగులూ కెనైనం అయితే లోపల మిగిలిన వాటి గురించి ఏమీ చెప్పలేము. బతికున్న కుక్క నుంచి మనకు రోజూ సులువుగా దొరికేది గుడ్డే; గుడ్డుకు పళ్లు ఉండవు.

అయితే గుడ్డులోని ఒక్కొక్క కణంలోనూ ఆ పురుగు డీఎన్‌ఏ అంతా ఉంటుంది. అందులో జాతిని తేల్చడానికి ఎక్కువగా వాడేది రైబోసోముల జన్యువుల ప్రాంతం. కణం ప్రొటీన్లను తయారు చేసుకోవడానికి రైబోసోములు కావాలి గనుక ఆ జన్యువులలో మార్పు వస్తే పురుగు బతకదు. అందువల్ల అవి జాతి జాతికీ దాదాపు ఒకేలా ఉంటాయి. ఆ జన్యువుల నడుమ ఉండే ఐటీఎస్ అనే భాగాల మీద అంత కట్టుబాటు లేదు. పక్కపక్కనున్న రెండు మళ్లలో ఒకే రకం వరి ఉన్నా, మధ్య గట్టు మాత్రం ఏ ఊరి రైతు వేసుకున్న తీరుగా ఆ ఊరిలో ఉన్నట్టు, ఈ నడిమి భాగాలు ఒక్కొక్క జాతిలో ఒక్కొక్క తీరుగా మారిపోయాయి. అదే సమయంలో ఒక జాతిలోని పురుగులన్నిటిలోనూ ఇవి చాలావరకు ఒకేలా నిలిచి ఉంటాయి. జాతిని వేరు చేయడానికి ఇంతకంటే అనువైన గుణం ఉండదు. పైగా ఈ ప్రాంతం ఒక్కొక్క కణంలో అనేక నకళ్లుగా ఉంటుంది గనుక, ఒక్క గుడ్డు నుంచి కూడా పరీక్షకు చాలినంత దొరుకుతుంది.

పరీక్ష నడిచే తీరు ఇది. మలం నుంచి డీఎన్‌ఏను వేరు చేసి, 1983లో కేరీ మల్లిస్ రూపొందించిన పీసీఆర్ పద్ధతితో ఆ నడిమి భాగాన్ని మాత్రమే కోట్లాది నకళ్లుగా పెంచుతారు. తరువాత డీఎన్‌ఏలో నిర్దిష్టమైన అక్షర క్రమం కనిపించిన చోటనే కత్తిరించే ఎంజైమును కలుపుతారు. ఒక జాతిలో ఆ క్రమం ఉండి మరొక జాతిలో లేకపోతే, ఒకదాని డీఎన్‌ఏ ముక్కలవుతుంది, రెండోది ముక్క కాకుండా నిలుస్తుంది. వాటిని జెల్ పలకలో విద్యుత్తుతో నడిపిస్తే చిన్న ముక్కలు ముందుకు, పెద్దవి వెనక్కు చేరి, రంగు వేసినప్పుడు అడ్డగీతలుగా కనిపిస్తాయి. రెండు జాతులూ కలిసి ఉన్న కుక్క నమూనాలో రెండింటి గీతలూ ఒకే వరుసలో పడతాయి. నేను ఈ పరీక్షను ఇష్టపడడానికి ముఖ్యకారణం అదే. ఈ పద్ధతులు వచ్చాక పాత పేర్లు మళ్లీ పరీక్షకు వచ్చాయి. ఆస్ట్రేలియా కుక్కలలో సెయ్లానికం ఉన్నట్టు మొదటిసారిగా తేలింది 2007లో, అదీ డీఎన్‌ఏ ఆధారంతోనే.

ఈ మధ్య చాలాచోట్ల గీతలు చూసే బదులు ఆ భాగంలోని అక్షర క్రమాన్నే నేరుగా చదివేస్తున్నారు. కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో ఉండే కాక్స్1 అనే జన్యువునూ చదువుతారు. అది ఐటీఎస్ కంటే వేగంగా మారుతుంది గనుక ఒకే జాతిలోని శాఖలనూ చూపిస్తుంది. మలేసియాలో సెయ్లానికం పురుగుల కాక్స్1 చదివినప్పుడు అవి రెండు గుంపులుగా విడిపోయాయి. ఒక దానిలో మనుషుల నుంచి తీసినవే ఉన్నాయి, మరొక దానిలో మనుషుల, కుక్కల, పిల్లుల పురుగులు కలిసి ఉన్నాయి. అందువల్ల పిల్లవాడి మలంలోను, ఇంటి కుక్క మలంలోను సెయ్లానికం అనే పేరు వచ్చినంత మాత్రాన ఆ కుక్క నుంచే సోకిందని తీర్మానించరాదు. జాతి పేరు దారిని చూపిస్తుంది. ఆ దారిలో ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పాలంటే మరింత చదవాలి.

ఇంకొక జాగ్రత్త కూడా గుర్తుపెట్టుకోండి. ఊరకుక్కలు మనుషుల మలాన్ని, ఇతర జంతువుల మలాన్ని తింటాయి. అందులోని గుడ్లు కుక్క కడుపులో ఎదగకుండానే అటు నుంచి ఇటు దాటిపోయి దాని మలంలో కనిపించవచ్చు. డీఎన్‌ఏ పరీక్ష ఆ గుడ్డు ఎవరిదో ఖచ్చితంగా చెబుతుంది, అది ఆ కుక్కకు సోకిందో, తిన్నదే బయటికి వచ్చిందో చెప్పదు. కుక్క మలంలో నెకేటర్ కనిపించిందంటే నేనైతే ఆ కుక్కను రెండు మూడు రోజులు కట్టి ఉంచి, మళ్లీ నమూనా తీసి చూడమంటాను.

ప్రశ్న: మా లాబ్రడార్ కుక్క రక్తంలో మైక్రోఫైలేరియా ఉన్నాయన్నారు. గుండె పురుగు అని భయపెడుతున్నారు. వెంటనే ఇంజెక్షన్లు మొదలుపెట్టాలా?
ఒక పాఠకుడు, కోరాపుట్

జవాబు: ఆగండి. కొంకి పురుగు విషయంలో జాతి తెలియకపోయినా మందు మారదని పైన రాశాను; ఇక్కడ జాతిని బట్టి వైద్యమే మారిపోతుంది. రక్తంలో ఈదే ఆ చిన్న లార్వాలు గుండె పురుగు అయిన డైరోఫైలేరియా ఇమ్మిటిస్‌వి అయితే, తల్లి పురుగులు గుండె కుడి భాగంలోను, ఊపిరితిత్తుల ధమనులలోను 25 నుంచి 30 సెంటీమీటర్ల పొడవున ఉంటాయి, అది ప్రాణాంతకం. డైరోఫైలేరియా రెపెన్స్‌వి అయితే తల్లి పురుగులు చర్మం కింద ఉంటాయి. ఈ రెండింటినీ దోమలే మోస్తాయి, దక్షిణ భారతంలో నమోదైనవాటిలో రెపెన్స్ ఎక్కువ. మూడోది అకాంతోకైలోనీమా రెకాండిటం. దాన్ని ఫ్లీలు అనే దూకే చిన్న పురుగులు మోస్తాయి, దానివల్ల కుక్కకు చెప్పుకోదగ్గ హాని లేదు.

ఒక మిల్లీలీటరు రక్తాన్ని 2 శాతం ఫార్మలిన్‌లో కలిపి, అడుగున చేరినదాన్ని చూసే నాట్ పరీక్షలో లార్వా పొడవు, తల, తోక కొలిచి కొంతవరకు వేరు చేయవచ్చు. కాని కొలతలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. గుండె పురుగుకు యాంటిజెన్ పరీక్ష ఉంది, అది ఆడ ఇమ్మిటిస్ పురుగు నుంచి వచ్చే పదార్థాన్ని పట్టుకుంటుంది. ముందు అది చేయించండి. రక్తంలో లార్వాలు ఉండి కూడా యాంటిజెన్ లేదని వస్తే, అదే రక్తాన్ని గడ్డకట్టనీయని ఈడీటీఏ గొట్టంలో పీసీఆర్‌కు పంపమని మీ డాక్టరు గారిని అడగండి. ఇమ్మిటిస్ పెద్ద పురుగులను చంపడానికి ఇచ్చేది ఆర్సెనిక్ సంబంధమైన ఇంజెక్షన్. చచ్చిన పురుగుల ముక్కలు ఊపిరితిత్తుల నాళాలలో అడ్డుపడే ప్రమాదం ఉంటుంది గనుక వారాల తరబడి కుక్కను కదలనీయకుండా చూసుకోవాలి. రెపెన్స్ ఉన్న కుక్కను అంత ప్రమాదానికి గురిచేయడం అన్యాయం. రెపెన్స్ అప్పుడప్పుడు మనుషుల కంటి పొరల కింద, చర్మం కింద ఒక్కొక్కటిగా చేరుతుంది. మన దేశంలో అటువంటి కేసులు ఎన్నో నమోదయ్యాయి. కాబట్టి అది అయినా దోమల నివారణ, పశువైద్యులు సూచించే నెలవారీ మందు తప్పవు. ఏదైనా మందు మొదటి మోతాదు ఆసుపత్రిలోనే వేయించండి. లార్వాలు ఒక్కసారిగా ఎక్కువ సంఖ్యలో చస్తే కుక్క కుప్పకూలవచ్చు.

ప్రశ్న: మా బజారులో మాంసం కొట్ల దగ్గర తిరిగే కుక్కల మలంలో బద్దె పురుగు (టేప్‌వార్మ్) గుడ్లు ఉన్నాయని తెలిసింది. వాటితో మనుషులకు తిత్తులు వస్తాయని విన్నాను. అన్ని బద్దె పురుగులూ అలాంటివేనా?
ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: కావు. మలంలో దోసగింజల వంటి తెల్లటి ముక్కలు కదులుతూ కనిపిస్తే అది సాధారణంగా ఫ్లీల ద్వారా వచ్చే డైపిలీడియం, దానివల్ల తిత్తులు రావు. గుండ్రంగా, మందపాటి గీతల పెంకుతో 30 నుంచి 40 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) గుడ్లు ఉంటే అవి టీనియా అనే బద్దె పురుగువి కావచ్చు, ఎకైనోకోకస్ గ్రాన్యులోసస్ అనే మరో బద్దె పురుగువి కావచ్చు. చూపులో భేదమే లేదు. కాలేయంలో, ఊపిరితిత్తులలో హైడాటిడ్ తిత్తులు తెచ్చేది ఈ రెండోదే. కుక్క పేగులో ఉండే ఎదిగిన పురుగు 3 నుంచి 7 మిల్లీమీటర్లు మాత్రమే ఉంటుంది గనుక మలంలో కంటపడదు. గుడ్లను విడదీసి పీసీఆర్ చేస్తే జాతి తెలుస్తుంది, జీ1, జీ3 అంటూ రాసే జన్యురూపం కూడా తెలుస్తుంది. మన దేశపు పశువులలో ఎక్కువగా నమోదైనవి ఈ రెండు రూపాలే.

మీరు మాత్రం పరీక్ష వచ్చేదాకా ఎదురుచూడకూడదు. టీనియా అయినా ఎకైనోకోకస్ అయినా ప్రాజిక్వాంటెల్ చంపుతుంది. పశువు కాలేయంలోనో ఊపిరితిత్తులలోనో ఉన్న తిత్తిని కుక్క తిన్న సుమారు 6 వారాలకు పురుగు గుడ్లు పెట్టడం మొదలవుతుంది, కాబట్టి కొట్ల దగ్గరి కుక్కలకు ఆరు వారాలకు ఒకసారి మందు పడాలి. ఆ మందు గుడ్లను చంపదు గనుక, వేసిన తరువాత రెండు మూడు రోజులు వాటి మలాన్ని చేతులకు తొడుగులు వేసుకొని ఎత్తి కాల్చాలి, లేదా లోతుగా పూడ్చాలి. నీటితో నిండిన బుడ్డలు ఉన్న కాలేయాన్ని, ఊపిరితిత్తులను కుక్కలకు విసరకుండా కొట్టువారే ఒక గుంట తవ్వి మూత పెట్టుకుంటే చాలు, ఈ చక్రం అక్కడే తెగుతుంది. పురపాలక సంఘానికి వీధివారంతా కలిసి అర్జీ పెట్టుకోదగిన విషయం ఇది.

ప్రశ్న: మేము కొందరం కలిసి జయపురంలో వీధికుక్కలకు మందులు వేయిస్తున్నాము. డీఎన్‌ఏ పరీక్షకు నమూనా ఎలా తీయాలి, ఎక్కడికి పంపాలి?
ఒక పాఠకురాలు, జయపురం

జవాబు: అమ్మా, మీ వంటివారి వల్లనే ఈ ప్రాంతపు కుక్కలలో ఏ జాతులు ఉన్నాయో తెలిసే అవకాశం ఉంది. మందు వేయక ముందే నమూనా తీయండి. కుక్క విసర్జించిన వెంటనే, నేలను తాకని పైభాగం నుంచి తీసుకోవాలి. కింది భాగంలో మట్టిలో స్వేచ్ఛగా బతికే నులిపురుగులు చేరి గందరగోళం చేస్తాయి. తొడుగులు వేసుకొని, దాన్ని రెండు భాగాలు చేయండి. ఒక భాగాన్ని ఏమీ కలపకుండా మూత బిగుతుగా ఉన్న డబ్బాలో చల్లగా ఉంచి, అదే రోజు మీ పశువుల ఆసుపత్రిలో సూక్ష్మదర్శిని పరీక్షకు ఇవ్వండి. గుడ్లు అసలు ఉన్నాయో లేవో, ఉంటే ఎన్ని ఉన్నాయో తేల్చేది ఆ పరీక్షే. అందులో గుడ్లు లేకపోతే రెండో భాగాన్ని పంపి డబ్బు ఖర్చు చేయనక్కరలేదు. రెండో భాగం శనగగింజంత చాలు. దాన్ని మూడు నాలుగు రెట్లు ఇథనాల్‌లో వేసి బాగా కలపండి. ఇథనాల్ 70 శాతానికి తగ్గకూడదు.

ఫార్మలిన్ మాత్రం వాడవద్దు. మన ఆసుపత్రులలో మలాన్ని, పురుగులను ఫార్మలిన్‌లో వేసి దాచడం అలవాటు. సూక్ష్మదర్శిని పరీక్షకు అది బాగానే ఉంటుంది గాని, డీఎన్‌ఏను అది ముక్కలు చేసి బిగదీస్తుంది. ఎంతో శ్రమపడి తెచ్చిన నమూనాలు ఈ ఒక్క కారణంగా పనికిరాకుండా పోవడం ఎప్పుడు విన్నా నాకు బాధ కలుగుతుంది. మందు వేశాక ఎదిగిన పురుగు బయటపడితే ఉప్పునీటిలో కడిగి విడిగా ఇథనాల్‌లో వేయండి. దాని పళ్లూ చూడవచ్చు, డీఎన్‌ఏ కూడా చదవవచ్చు. అటువంటి నమూనా మలం కంటే విలువైనది.

సీసా మీద పేరు పెన్నుతో రాస్తే ఇథనాల్ ఒక్క చుక్క ఒలికినా చెరిగిపోతుంది. చిన్న కాగితం ముక్క మీద పెన్సిలుతో కుక్క గుర్తు, వీధి, తేదీ, వయసు, అంతకుముందు ఏ మందు ఎప్పుడు వేశారో రాసి సీసా లోపలే వేయండి. చివరి వివరం ఎందుకంటే, అమెరికా గ్రేహౌండ్ కుక్కలలోని కెనైనం పురుగులకు ఫెన్‌బెండజోల్ వర్గపు మందులు పనిచేయకపోవడం 2019 నుంచి పరిశోధకులు రాస్తున్నారు. ఆ మందులు గురిపెట్టే ప్రొటీనుకు చెందిన బీటా ట్యూబ్యులిన్ జన్యువులో మార్పు కనిపించింది. మీరు వేసిన మందు తరువాత రెండు వారాలకు కూడా గుడ్లు తగ్గకపోతే ఆ సంగతి చీటీలో ప్రత్యేకంగా రాయండి, అదే నమూనాలో ఆ జన్యువునూ చదవవచ్చు.

పంపే చోటు విషయానికి వస్తే, భువనేశ్వర్‌లోని పశువైద్య కళాశాలలోను, విజయనగరం జిల్లా గరివిడిలోని పశువైద్య కళాశాలలోను పరాన్నజీవి శాస్త్ర విభాగాలు ఉన్నాయి. ముందుగా ఫోను చేసి ఈ పరీక్ష వారు స్వయంగా చేస్తారా, మరో ప్రయోగశాలకు పంపుతారా, రుసుము ఎంత అని అడిగి తెలుసుకోండి. ఇథనాల్ మండే ద్రవం గనుక మామూలు తపాలాలో పంపడానికి వీలులేదు. ఎవరైనా అటు వెళ్లే వారి చేత, సీసాను సంచిలో, సంచిని గట్టి డబ్బాలో పెట్టి పంపండి. ఫలితం చీటీలో ఆంకైలోస్టోమా అని మాత్రమే వస్తే ఊరుకోవద్దు. ఆ పక్కన జాతి పేరు కూడా రాసి ఇమ్మని, ఐటీఎస్ చదివారా కాక్స్1 చదివారా అని, రెండు జాతులు కలిసి ఉన్నాయేమో చూశారా అని అడగండి.